మహబూబ్ చేర్చిన సబ్బులు

మహబూబ్‌కు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. మనిషి కనిపిస్తే చాలు, మా సంఘంలో చేర్చేసుకోవాలి. ఎదురుగా వచ్చినవాడు మా ఊరివాడా, దారి తప్పి వచ్చినవాడా అని చూడడు. చంకలోంచి రిజిస్టరు తీస్తాడు, చెవి మీది నుంచి పెన్ను తీస్తాడు, "పేరు చెప్పప్పా" అంటాడు. పేరు చెప్పినవాడు ఇక సంఘంలో ఉన్నట్టే.

ఈ మధ్య ఒకసారి నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో వస్తూ కండక్టరును, డ్రైవరును, ముగ్గురు ప్రయాణికులను చేర్చేశాడు. డ్రైవరు సంతకం కోసం బస్సు ఆపించాడని ఊళ్లో చెప్పుకుంటారు గానీ అది అబద్ధం. బస్సు శిరివెళ్ల దగ్గర దానంతటదే ఆగింది. తోయడానికి దిగినవాళ్లలో మరో ఇద్దరు దొరికారు.

ఇంకోసారి లైన్‌మన్ స్తంభం మీద ఉండగా కింద నిలబడి పట్టుకున్నాడు.

"దిగినాక చెప్తా పోన్నా!" అన్నాడు లైన్‌మన్.

"దిగితే పరిగెత్తుతావు. ఆడనే చెప్పు."

చేతిలో కరెంటు తీగ పట్టుకున్నవాడు వాదన ఎంతసేపు పెట్టుకుంటాడు? ఇంటిపేరుతో సహా చెప్పేశాడు.

ఇక నా సంగతి. నేను కృష్ణస్వామిని. పుట్టింది అహోబిలంలో. ఆళ్లగడ్డకు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరి హైస్కూల్లో ముప్పై రెండేళ్లు తెలుగు చెప్పి, రిటైరయ్యాక ఇక్కడే ఉండిపోయాను. పెళ్లి చేసుకోలేదు. పిల్లల ఒత్తులు, దీర్ఘాలు దిద్దడంతోనే వయసు గడిచిపోయింది. మా ఊరి సోదర సేవా సంఘానికి కార్యదర్శిని. మహబూబ్ పరుపులు కుడతాడు. సంఘంలో అతనికి పదవేమీ లేదు. సంఘమే అతని చంకలో ఉంటుంది కాబట్టి పదవితో పని పడలేదు.

మా సంఘం చేసే పని చిన్నదేం కాదు. పెళ్లికి పందిరి వేయడం, వంటకు గుండిగలు ఇవ్వడం, చావుకు పాడె మోయడం, సమాధికి గుంత తవ్వడం. కులం, మతం చూడకుండా డెబ్బై ఏళ్లుగా చేస్తున్నాం. అయితే ఈ ఏడాది ఉగాది నాటికి సభ్యులు పందొమ్మిది మంది మిగిలారు. వాళ్లలో ఏడుగురు మోసే వయసు దాటిపోయి, మోయించుకునే వరసలో ఉన్నారు.

అప్పుడు నంద్యాలలోని జిల్లా సమాఖ్య నుంచి ఉత్తరం వచ్చింది. "ఆగస్టు చివరి ఆదివారము సర్వసభ్య సమావేశమునకు యాభై మంది సభ్యులు ప్రత్యక్షముగా హాజరు కావలెను. లేనిచో మీ సంఘము గడివేముల శాఖకు చేర్చబడును" అని దాని సారాంశం.

అంటే మా పందిరి గుంజలు, మా గుండిగలు, మా బోర్డు అన్నీ గడివేములకు పోతాయి. మా ఊళ్లో ఎవరైనా పోతే, గడివేముల నుంచి మనుషులు వచ్చేదాకా ఆ పోయినవాడు ఓపిక పట్టాలి. డెబ్బై ఏళ్ల సంఘం నా సంతకంతో మూతపడుతుందంటే నాకు రెండు పూటలు అన్నం సహించలేదు.

మహబూబ్ మాత్రం ఉత్తరం విని నవ్వాడు. "ఏందీ, యాభైయేనా? ఇంగా ఎంతమంది సబ్బులు కావాల స్వామీ?"

"సబ్బులు కాదు మహబూబ్, సభ్యులు."

"అదే కదా నేను అంటాండేది. సబ్బులు."

"భ! కడుపులోంచి రావాలి. భ!"

"బ్బ!" అన్నాడు, కడుపు పట్టుకుని.

నేను వారం రోజులు పాఠం చెప్పాను. నా సర్వీసులో ఎంతోమంది మొద్దబ్బాయిల చేత ఒత్తులు పలికించాను గానీ, మహబూబ్ దగ్గర ఓడిపోయాను. ఒక్కడైతే సబ్బుడు, ఇద్దరు దాటితే సబ్బులు. ఏకవచనం, బహువచనం మాత్రం ఎన్నడూ తప్పలేదు. అందుకు సంతోషించి ఊరుకున్నాను.

ఊరుకోవడం నా తప్పు. మరుసటి సోమవారం ఆటోకు మైకు కట్టుకుని ఊరంతా తిరిగాడు. "కొత్త సబ్బులప్పా, కొత్త సబ్బులు! ఈపొద్దు సంఘం ఆఫీసు కాడ రాసుకుంటాం. ఆడోళ్లు, మొగోళ్లు అందరూ రండి!"

గంటలో ఆఫీసు ముందు పదిహేడు మంది ఆడవాళ్లు వరస కట్టారు. అందరికంటే ముందు సరోజమ్మ. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి, ముందూ వెనకా ఎవరూ లేరు, రోజూ పొద్దున్నే తలస్నానం చేసి నుదుట రూపాయంత బొట్టు పెట్టుకుంటుంది. వచ్చీ రాగానే నా ముందు అరచేయి చాచింది.

"యాడ సారూ నా సబ్బు?"

నేను పది నిమిషాల పాటు సభ్యత్వం అంటే ఏమిటో, సంఘం ఆశయాలేమిటో వివరించాను. ఆమె చాలా శ్రద్ధగా విన్నది.

"అంతా బాగుండాది సారూ. సబ్బు ఒంటిదా, బట్టలదా?"

నేను నెత్తి పట్టుకున్నాను. మహబూబ్ ఆమె చాచిన చేతిని ఒక్క క్షణం చూశాడు. ఎదురు అంగట్లోకి పోయి, ఒక అట్టపెట్టె ఎత్తుకొచ్చాడు.

"ఒంటిదే పెద్దమ్మా. సంఘం ఇచ్చింది. నెలకొగటి. ఈడ వేలిముద్ర వెయ్యి."

పదిహేడు మంది వేలిముద్రలు పడ్డాయి. వాళ్లు పోయాక నేను మండిపడ్డాను. "సబ్బులివ్వమని ఏ తీర్మానంలో ఉందయ్యా? అయినా మనది సోదర సంఘం. ఇందులో ఆడవాళ్లేమిటి?"

"చెల్లెలు లేకుంటే వాడు అన్న ఎట్లయితాడు స్వామీ?"

తమ్ముడున్నా అన్నే అవుతాడు కదా అని నాకు ఇంటికి వెళ్లాక తోచింది. అప్పటికి ఆలస్యమైపోయింది.

ఆ రోజు నుంచి మహబూబ్‌కు మరో అలవాటు పట్టుకుంది. ఎవరింటికి పోయినా ముందు "చెయ్యి కడుక్కుంటా" అని నేరుగా నీళ్ల దగ్గరికి పోతాడు. దూది పని కదా, అంటుకుంటుంది పాపం అనుకున్నాం. కానీ పని లేని ఆదివారం నాడు మా ఇంటికి వచ్చి కూడా ముందు చెయ్యి కడుక్కునేవాడు.

"ఇట్లా కడిగితే చేతిగీతలు చెరిగిపోతాయయ్యా" అన్నాను.

"పోనీలే స్వామీ. వాటిల్లో పెద్ద రాత ఏమీ లేదు."

జూన్‌లో నాకు నాలుగు రోజులు జ్వరం వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. ఆదివారం మహబూబ్ వచ్చేసరికి వాలుకుర్చీలో కూర్చుని, తలకిందులుగా పట్టుకున్నానని కూడా తెలియకుండా పేపరు చదువుతున్నాను. అతను చెయ్యి కడుక్కుని బయటికొచ్చి, ఒక్క మాట అడగకుండా పోయి డాక్టరును వెంటబెట్టుకొచ్చాడు.

"నీకెట్లా తెలిసిందయ్యా?"

"పరుపు చెప్పింది స్వామీ."

కుట్టేవాళ్లతో పరుపులు మాట్లాడతాయేమోలే అనుకున్నాను. జ్వరంలో ఉన్నాను కదా.

సభ్యుల సంఖ్య జులైకి డెబ్బై దాటింది. నేను కాస్త కుదుటపడ్డాను. ఇంతలో మా వీధి కమలాక్షమ్మ ఆఫీసుకు వచ్చి బల్ల మీద అరచేత్తో కొట్టింది. కమలాక్షమ్మ గొంతు పెద్దది. ఆమె కూడా ఒంటరి మనిషే గానీ ఆ గొంతు వింటే ఇంట్లో పదిమంది ఉన్నారనుకుంటాం.

"సారూ! మీ మహబూబ్ మా ఇంట్లో సబ్బు కొలుస్తాండాడు!"

"కొలవడమేమిటమ్మా?"

"చెయ్యి కడిగినట్టు చేసి, సబ్బు ఎత్తి పట్టుకుని, గోటితో గీత గీసి పోతాండాడు. నా కండ్లారా చూసినా. ఇచ్చిన ఒగ సబ్బుకు ఇంత లెక్కనా? నేనేమన్నా అమ్ముకుంటాండానా? మీటింగులో నంద్యాల సారు ముందరే అడుగుతా!"

సాయంత్రం మహబూబ్‌ను నిలదీశాను. "నిజంగా సబ్బులు చూస్తున్నావా?"

"సబ్బుల్ని చూసుకోవాల కదా స్వామీ" అన్నాడు నవ్వుతూ.

అతను ఏ సబ్బుల గురించి అన్నాడో నాకు అర్థం కాలేదు. అతని ఉచ్చారణతో ఇదే చిక్కు.

ఆగస్టు చివరి ఆదివారం వచ్చింది. సమాఖ్య తరఫున యేసుదాసు గారు దిగారు. ఇస్త్రీ చొక్కా, మెడలో తాడు కట్టిన కళ్లద్దాలు. "రిజిస్టర్లో ఎంతమంది ఉన్నా నాకు అనవసరం. కండ్లకు కనపడాల" అన్నారు. జనం బాగానే వచ్చారు. లైన్‌మన్ వచ్చాడు. కండక్టరు డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు. బయట బస్సు ఏమైనా ఉందా అని నేను తొంగి చూశాను, లేదు. యేసుదాసు గారు వేలు పెట్టి లెక్కపెట్టారు. నలభై ఎనిమిది. నేను లెక్కపెట్టాను. నలభై ఎనిమిది. నన్ను నేను మర్చిపోయానేమోనని మళ్లీ లెక్కపెట్టాను. అదే.

తప్పక వస్తామన్నవాళ్లలో ఇద్దరు లేరు. ఒకరు సరోజమ్మ. రెండోవాడు మహబూబ్.

ఊరంతటినీ చేర్చినవాడు తానే రాకపోతే ఎట్లా! అదే అదనుగా కమలాక్షమ్మ లేచింది. "నంద్యాల సారూ! ఈ సంఘంలో ఆడోళ్ల సబ్బులు కొలుస్తాండారు!"

"ఏం సబ్బులు?" అన్నారు యేసుదాసు గారు కళ్లద్దాలు పెట్టుకుంటూ.

అంతలో నా ఫోను మోగింది. మహబూబే. నా ఫోను ఎప్పుడూ స్పీకరులోనే ఉంటుంది, దాన్ని మార్చడం నాకు రాదు. అందువల్ల అందరూ విన్నారు.

"స్వామీ, ఆళ్లగడ్డ ఆస్పత్రిలో ఉండా. సరోజమ్మ పెద్దమ్మను తెచ్చినా."

"ఏమైందయ్యా?"

"మీటింగుకు తోడుకొని పోదామని పొద్దున ఆమె ఇంటికి పోయినా. 'బాగుండా నాయనా, నువ్వు పో, ఎనక వస్తా' అనె లోపలి నుంచే. చెయ్యి కడుక్కుంటానని పెరట్లోకి పోయి సబ్బు చూస్తి. అక్షరాలు చెరగల్య స్వామీ! మంగళవారం ఇచ్చిన సబ్బు, అంగట్లో ఉన్నట్టే ఉండాది. అన్నాళ్లు నీళ్లు పోసుకోకుండా ఉండే మనిషా ఆమె? తలుపు తోసి చూస్తే జ్వరంతో లేవలేకుండా ఉండాది. ఇప్పుడు సెలైన్ పెట్టినారు. ఇంగ భయం లేదన్యాడు డాక్టరు."

కమలాక్షమ్మ మెల్లగా కూర్చుంది. ఆమె గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు అప్పుడే తెలిసింది.

"మొన్న నాకు నడుము పట్టేసి పడుకుంటే, పిలవకుండానే లాల్‌బీ వచ్చి నీళ్లు కాచి పోసి పోయె. ఎట్లా తెలిసెనో అనుకుంటి."

లాల్‌బీ మహబూబ్ భార్య. వెనక వరసలోంచి లేచింది. "ఎట్లా ఏముండాది అక్కా, నీ సబ్బు అరగల్యా. నన్ను పంపినాడు. ఊళ్లో ఎవురెవురు ఒంటిగా ఉండారో ఆళ్ల సబ్బు అరుగుతాండాదా లేదా, ఇదే ఆయప్ప పని. 'బాగుండావా' అని అడిగితే అందరూ బాగుండామనే అంటారంట, సబ్బు మాత్రం అబద్ధం చెప్పదంట. మా ఇంట్లో చూడండి, సబ్బే లేదు. నేను సున్నిపిండితో రుద్దుకుంటాండా!"

అందరూ గొల్లుమన్నారు. యేసుదాసు గారు కూడా నవ్వారు. నవ్వి, కళ్లద్దాలు తుడుచుకుని, "అంతా మంచిదే. కానీ నలభై ఎనిమిదే" అన్నారు.

అప్పుడు నాలోని తెలుగు మాస్టరు లేచాడు. సమాఖ్య ఉత్తరం తీసి ఆయన ముందు పరిచాను. "చూడండి సార్. 'సమావేశమునకు ప్రత్యక్షముగా హాజరు కావలెను.' ఎక్కడ జరిగే సమావేశం? రాయలేదు. ఇందులో చోటు చెప్పే సప్తమీ విభక్తే లేదు సార్!"

ఆయన రెండుసార్లు చదివారు. నిజంగానే లేదు.

రెండు ట్రాక్టర్లు, నాలుగు ఆటోలు. పావుగంటలో సంఘం మొత్తం ఆళ్లగడ్డ ఆస్పత్రి వరండాలో ఉంది. నర్సమ్మ చేతులు అడ్డం పెట్టింది. "ఏందీ జనం? ఒగ పేషెంటుకు ఒగరే! మీరంతా ఆమెకు ఏమైతారు?"

"సబ్బులు" అన్నాడు మహబూబ్.

"ఏం సబ్బులప్పా?"

"నీ పేరు చెప్పమ్మా, చెప్తా" అని చంకలోంచి రిజిస్టరు తీశాడు. ఆ నర్సమ్మ పేరు షాహీదా అని మాకు అట్లా తెలిసింది.

యేసుదాసు గారు కిటికీ బయట నిలబడి మొదటి నుంచి లెక్కపెట్టారు. నలభై ఎనిమిది. మహబూబ్‌తో నలభై తొమ్మిది. మంచం మీద సరోజమ్మ, సెలైన్ లేని చెయ్యి నీరసంగా పైకెత్తింది.

"యాభై" అన్నారాయన.

"చెయ్యెత్తితే ఇంగోటి ఇస్తారా?" అన్నది సరోజమ్మ.

యేసుదాసు గారు గోడ మీద కాగితం పెట్టి సంతకం చేశారు. సంఘం నిలిచింది, గుండిగలు నిలిచాయి. ఆయన జీపు ఎక్కబోతుంటే మహబూబ్ అడ్డం వచ్చాడు. "సారూ, మీరు ఇంగా చేరల్య కదా?"

"నేను నంద్యాల వాణ్ణప్పా."

"నంద్యాల్లో సబ్బు అరగదా? పేరు చెప్పండి."

సాయంత్రం ఇంటికొచ్చి సమావేశం వివరాలు రాయడానికి కూర్చున్నాను. "యాభై మంది" అని రాసి ఆగాను. ఎంతోమంది పిల్లల చేత తప్పులు దిద్దించినవాణ్ణి, కావాలనే "సబ్బులు హాజరైరి" అని రాసి పుస్తకం మూసేశాను.

తర్వాత స్నానాల గదిలోకి పోయి నా సబ్బు ఎత్తి చూశాను. అంచున గోటితో గీసిన సన్నని గీత ఉంది. జూన్‌లో మాట్లాడింది పరుపు కాదన్నమాట. ఊళ్లో ఒంటిగా ఉండేవాళ్ల వరసలో నేను కూడా ఉన్నానని నాకు ఇన్నాళ్లూ తోచనే లేదు. బాధ కలగాలి గానీ, ఎందుకో చాలా సంతోషం వేసింది.

మరుసటి ఆదివారం మహబూబ్ వస్తాడని పొద్దున్నే రెండుసార్లు స్నానం చేశాను. అతను వచ్చాడు. "చెయ్యి కడుక్కుంటా స్వామీ" అని లోపలికి పోయి, కంగారుగా బయటికొచ్చాడు.

"ఏంది స్వామీ, సబ్బు ఇంత బేగా అరిగిపాయ?"

"అరగనీవయ్యా" అన్నాను. "సంఘం ఇంకోటి ఇస్తుంది కదా. నేనూ సబ్బుడినే."