పికప్ వీపు మీద పట్టు బిగించిన మామ

వెల్డింగ్ మామ పోయారని మొన్న శుక్రవారం పొద్దున ఆయన భార్య ఫోన్ చేసింది. "మీ మామ లేడు పాపా. టీ తాగి పండుకున్నోడు మళ్లా లేయల్యా," అంది. ఎద్దులకు కలుపుతున్న ఉలవలు అక్కడే వదిలేసి బయల్దేరాను. నంద్యాలలోని ఆయన షెడ్డుకూ ఆళ్లగడ్డలోని మా ఇంటికీ చుట్టరికమేమీ లేదు. ఒక ప్రమాదం తర్వాత ఆయన నాకు మామ అయ్యారు.

మా నాయన బండలాగుడు పందేల ఎద్దులను మేపుతాడు. వాటిని పందేలకు చేర్చే పికప్ బండి నేను నడుపుతాను. నాలుగేళ్ల కిందట దాని వెనక కొక్కెం వేయించి, ట్రాలీ తగిలించి, అందులో ఎద్దులను ఎక్కించేవాళ్లం. గడివేముల దారిలో ఒక మలుపు దగ్గర ఒక ఎద్దు పక్కకు జరిగింది. ట్రాలీ ఊగింది, పికప్‌ను కూడా ఈడ్చుకుంటూ వరిమడిలోకి దిగింది. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు గానీ ఎద్దు మోకాలు చీరుకుపోయింది. మరునాడే నాయన, "బండి అమ్మేద్దాం. నా ఎద్దుల్ని నేనే సంపుకోలేను," అన్నాడు.

అమ్మడం నాకిష్టం లేదు. బండి తీసుకుని నంద్యాలలో షెడ్లన్నీ తిరిగాను. అందరూ ఇంకా లావు కొక్కెం వేస్తామన్నారు. మామ ఒక్కరే కింద కూర్చుని, తల వంచి చాలాసేపు చూశారు.

"ఎవురమ్మా ఈడ కట్టింది? బరువంతా తోక మీద పెడితే బండి మాట వింటాదా?"

"మరి యాడ కట్టాల?"

"వీపు మీద." వెనక ఇరుసుకు పైన, తొట్టిలో అరచేత్తో తట్టి చూపించారు.

వయసులో ఉన్నప్పుడు ఆయన ఓడరేవులో కంటైనర్ లారీలు బాగుచేసేవారట. ఆ లారీల వీపు మీద గుండ్రటి ఇనుప పలక ఉంటుంది. డ్రైవర్లు ఫిఫ్త్ వీల్ అంటారు. వెనక ట్రైలర్‌కున్న లావుపాటి పిన్ను ఆ పలక నోట్లోకి జారి ఇరుక్కుంటుంది. బరువు ఇరుసు మీద కూర్చుంటుంది. అలాంటి పట్టే చిన్నది నా బండికి, పిన్ను ట్రాలీకి పెడతానన్నారు. అయితే ముందు బండి ఎంత మోయగలదో లెక్క చూసుకున్నారు, రవాణా ఆఫీసు నుంచి అనుమతి కాగితం తెచ్చేదాకా స్పానర్ పట్టుకోలేదు.

పేరుకు వెల్డింగ్ మామే గానీ ఛాసీకి మాత్రం వెల్డింగ్ పెట్టనన్నారు. "కాలిస్తే ఉక్కు బలం పోతాది. బోల్టులే," అన్నారు. కాగితం పక్కన పెట్టుకుంటే నిప్పురవ్వలకు కాలిపోతుందని కొలతలన్నీ ముంజేతి మీద పెన్నుతో రాసుకునేవారు. నమాజుకు పోయే ముందు ఆ అంకెలు కడిగేయాలి కాబట్టి నన్ను పిలిచి, "చూసి రాసుకో పాపా," అనేవారు. అత్త పంపిన క్యారియర్‌లో సగం నాకు పెట్టనిదే తాను ముద్ద ముట్టేవారు కాదు.

పని దాదాపు అయిపోయింది. రెండు రోజుల్లో మహానందిలో పందెం. బండి తీసుకుపోదామని వెళ్తే మామ బోల్టులన్నీ విప్పి కింద పరిచి ఉంచారు.

"నాలుగు వేళ్లంత వెనక్కి పడింది. నేనే తప్పు కొలిచినా."

"నాలుగు వేళ్లే కదా మామా! పందెం పోతాదే!"

"ఎవురూ చూడకుంటే మాత్రం అది తప్పు కాకుండా పోతాదా? ఇరుసుకు వెనక పడితే మళ్లా తోక మీదే బరువు. నీ నాయనతో నేను మాట్లాడతా."

ఫోన్‌లో నాయన కోపంగా అరిచాడు. మామ, "తప్పు నాదే అన్నా. ఎద్దులు మాత్రం నీవి," అన్నారు. నాయన ఫోన్ పెట్టేశాడు. మహానంది పందెం పోయింది.

తిరిగి బిగించాక కూడా ఎద్దులను ఎక్కించనివ్వలేదు. వాటి బరువుకు సరిపడా బియ్యం మూటలు వేయించి, నా పక్కన కూర్చుని, అదే గడివేముల మలుపులో నాతో మూడుసార్లు తోలించారు. ట్రాలీ బుద్ధిగా వెంట వచ్చింది. పిన్ను పడ్డప్పుడు టక్కుమని శబ్దం వచ్చింది కదా అని నేను కదలబోతే, "శబ్దాన్ని నమ్మొద్దు. దిగు, లైటేసి చూడు," అన్నారు. ఇప్పటికీ దిగి చూస్తాను.

మొన్న శుక్రవారం నేను అత్త పక్కన కూర్చున్నాను. అప్పట్లో కోపంతో ఫోన్ పెట్టేసిన నాయన మామ జనాజా పాడెకు భుజం పట్టి శ్మశానం దాకా నడిచాడు.

నాలుగేళ్ల కిందట కొత్త పట్టుతో మేం వెళ్లిన మొదటి పందెం పగిడ్యాలలో. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో మామ కూడా వచ్చారు. ముందు వరుసలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. మా ఎద్దులు బండను కదిలించాయి. జనం ఈలలు వేస్తుంటే సంతోషంగా ఆయన వైపు తిరిగాను. కుర్చీ ఖాళీ.

బండ్లు నిలిపిన చోటికి పరిగెత్తాను. "మామా, ఏం చేస్తాండావ్ ఈడ?"

"కొత్త బోల్టులు మొదటి ప్రయాణంలో సర్దుకుంటాయి, మళ్లా బిగించాల," అని పికప్ కింది నుంచి మాట వచ్చింది. "ఎంత దూరం లాగినాయి?"

నేను చూడలేదు. వెనక మైదానమంతా అరుపులు. ముందర బండి కింది నుంచి బయటికి చాచిన రెండు పాదాలు, స్పానర్ తిరిగినప్పుడల్లా మట్టిలో మడమలు తన్నిపెడుతూ.