ఒక వైరు, రెండు కంప్యూటర్లు

మేడ్చల్‌లో మా ఇంటికి ఇంటర్నెట్ టీవీ కేబుల్‌లోనే వస్తుంది. ఆ కేబుల్ మోడెంలోకి, మోడెం నుంచి ఒక వైరు మా ఆయన కంప్యూటర్‌లోకి. అక్కడితో దాని ప్రయాణం సమాప్తం. నాకు ఇంటి నుంచి పిల్లలకు లెక్కలు చెప్పే ఉద్యోగం దొరికేలా ఉంది. సోమవారం పొద్దున నమూనా పాఠం. అది సాగితేనే ఉద్యోగం. నాకు కంప్యూటర్ ఉంది. వైరు లేదు.

కేబుల్ ఆపరేటర్‌కు ఫోన్ చేశాను.

"ఒక్క కనెక్షన్‌కు ఒక్కటే కంప్యూటర్, మేడం. ఇంకోటి నడవాల్నంటె ఇంకో కనెక్షన్ తీస్కోండ్రి."

"మీ టీవీ మా ఇంట్ల అందరం చూస్తలేమా, అన్నా?"

"గా ముచ్చట వేరే, మేడం."

ఎలా వేరో చెప్పేంత తీరిక ఆయనకు లేదు.

"నేను తినేటప్పుడు నువ్వు చెప్పుకో" అన్నాడు మా ఆయన. ఉదారుడు. కాకపోతే భోజనం తొందరగా ముగిస్తాడు.

శనివారం సుచిత్ర చౌరస్తాలోని దుకాణానికి పోయి రౌటర్ తెచ్చాను. ఒక కనెక్షన్‌ను నాలుగు కంప్యూటర్లకు పంచే డబ్బా. దాన్ని మోడెంకు తగిలించి, రెండు కంప్యూటర్లకూ వైర్లు లాగాను. లైట్లు ఘనంగా వెలిగాయి. ఇంటర్నెట్ రాలేదు. వైరు తిరిగి మా ఆయన కంప్యూటర్‌కు పెడితే వచ్చింది.

"దానికి నేనే అలవాటు" అన్నాడు.

విచారకరమైన విషయం, అది నిజమే. ఆ మోడెం మొదట చూసిన కంప్యూటర్‌నే గుర్తుపెట్టుకుంటుంది. ఆపి మళ్లీ వేస్తే తప్ప మరవదు. మా ఇంట్లో దాన్ని ఆపిన పాపాన ఎవరూ పోలేదు. బిగించిన రోజు ఆపరేటర్ "బందు జెయ్యకుండ్రి" అన్నాడని మా అత్తమ్మ దాన్ని దేవుడి అర పక్కన, ఇన్వర్టర్ ప్లగ్గుకు పెట్టించింది. కరెంటు పోయినా అది వెలుగుతూనే ఉంటుంది. దసరాకు బొట్టు కూడా పెట్టింది.

స్విచ్ మీద చెయ్యి వేయగానే అత్తమ్మ వచ్చింది.

"బందు జేస్తె మల్ల రాకపోతెనో?"

"రాకుంటె మీ కొడుకు గూడ ఖాళీగ కూసుంటడు, అత్తమ్మా. ఇద్దరం సమానమైతం."

ఆమె కొడుకు గది వైపు చూసింది, నా వైపు చూసింది.

"సరే. బొట్టు చెరపకు."

ఆపాను. గదిలోంచి మా ఆయన కేక వినిపించింది. నేనూ అత్తమ్మా టీ తాగాం. తర్వాత వైరు మళ్లీ రౌటర్‌కు మార్చి స్విచ్ వేశాను. ఈసారి మోడెం మొదట చూసింది రౌటర్‌నే. రెండు కంప్యూటర్లకూ వచ్చింది.

సోమవారం పాఠం మా ఆయన భోజనంతో సంబంధం లేకుండా సాగింది. ఉద్యోగం నాదయింది.

తర్వాత టీవీ బాగు చేయడానికి వచ్చిన ఆపరేటర్ కంట రౌటర్ పడింది.

"ఏంది మేడం గిది? ఎన్ని నడుపుతుండ్రు?"

"రెండు. ఇంకో రెండింటికి జాగ ఉన్నది, అన్నా. అత్తమ్మ గూడ అడుగుతాంది."