అప్పులేమీ లేవన్నాను

మా వీధిలో మా బాబాయిని అందరూ తాళంకప్ప అంటారు. ఆయన ఉద్యోగం రక్షణశాఖ ఆఫీసులో, నక్షాలు భద్రపరిచే గదిలో. ఆ గదిలో అడుగుపెట్టాలంటే మెడలో ఎర్ర అంచు పాసు ఉండాలి. ఇరవై రెండేళ్లుగా ఆ పాసు వేసుకున్న మనిషి ఇంటికొచ్చి ఆఫీసు ముచ్చట ఒక్కటీ చెప్పి ఎరగడు.

"క్యాంటీన్‌లో ఏం తిన్నారండీ అంటే అదీ దేశరహస్యమే!" అని పిన్ని దెప్పేది.

"తినేశాక సాక్ష్యం ఎక్కడుంటుందే?" అనేవాడు ఆయన.

నేను తొమ్మిదో తరగతిలో చదువు ఆగిపోయి వాళ్లింట్లో చేరినదాన్ని. ఎవరైనా వస్తే తలుపు చాటుకు వెళ్లిపోతాను. ఎక్కువ మాట్లాడను కాబట్టే బాబాయి నాకో రహస్యం అప్పగించాడు.

తోటి గుమాస్తా ఒకాయన ఇల్లు కట్టుకుంటానంటే బాబాయి అతని అప్పుకు హామీ సంతకం పెట్టాడు. రెండేళ్లు తిరక్కుండానే అతను ఉద్యోగం మానేసి ఎటో వెళ్లిపోయాడు. అప్పు బాబాయి మెడకు చుట్టుకుంది. ఎవరికీ సంతకాలు పెట్టొద్దని పిన్ని అంతకుముందే నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. ఇప్పుడు ఏ మొహంతో చెప్పాలి? ప్రతి నెలా డబ్బు కవరులో పెట్టి నా చేతికిచ్చేవాడు. "మీ పిన్ని చెవిన పడనివ్వకు తల్లీ" అనేవాడు. నేను ఫైనాన్స్ ఆఫీసులో కట్టి, రసీదు మీద సంతకం చేసి, దాన్ని ఆయన చొక్కా జేబులో పెట్టేదాన్ని. నన్ను నమ్మారని లోలోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

ఆ గదిలో పనిచేసేవాళ్ల మీద ఐదేళ్లకోసారి విచారణ జరుగుతుంది. తాగుతాడా, జూదమాడతాడా, అప్పులున్నాయా అని ఇంటికొచ్చి మరీ అడుగుతారు. అప్పుల్లో మునిగినవాణ్ణి ఎవరైనా డబ్బు చూపించి లొంగదీయొచ్చని వాళ్ల భయం. ఆ ఏడాది వచ్చిన ఆఫీసరు నెమ్మదైన మనిషి. బాబాయి డ్యూటీలో ఉన్నాడు.

"అప్పులా? మా ఆయన ఎవరి ముందూ చెయ్యి చాపే మనిషి కాదండీ" అంది పిన్ని, మంచినీళ్ల గ్లాసు అందిస్తూ.

ఆయన నా వైపు తిరిగాడు. "నీకేమైనా తెలుసా అమ్మా?"

పిన్ని పక్కనే నిలబడి ఉంది. "లేవండీ. అప్పులేమీ లేవు."

"ఏ ఫైనాన్స్ ఆఫీసుకూ ఎప్పుడూ వెళ్లలేదా నువ్వు?"

నోరు ఆగలేదు. "ఎప్పుడూ వెళ్లలేదండీ."

ఆయన కలం కాసేపు కాగితం మీద ఆగింది. తర్వాత ఏదో రాసుకుని, గ్లాసులో నీళ్లు పూర్తిగా తాగి వెళ్లిపోయాడు. గండం గడిచిందనుకున్నాను. బాబాయికి చెబితే మెచ్చుకుంటాడని కూడా అనుకున్నాను కానీ, బిడియం కొద్దీ చెప్పలేదు.

పది రోజుల తర్వాత బాబాయి ఇంటికొచ్చినప్పుడు మెడలో పాసు లేదు.

"అప్పు సంగతి విచారణకు ముందే నేనే ఫారంలో రాశాను తల్లీ" అన్నాడు, చెప్పులు కూడా విప్పకుండా. "రసీదులన్నీ జతచేశాను. వాటి మీద ఉన్నది నీ సంతకమే కదా."

పిన్ని వంటింట్లోంచి వచ్చింది. "ఏ అప్పు?"

బాబాయి అంతా చెప్పాడు. ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "ఆఫీసుకు తెలుసు, ఫైనాన్స్ వాళ్లకు తెలుసు, దీనికి తెలుసు. నేనొక్కదాన్నే కానిదాన్నయ్యానా?" అంది. బాబాయిని కాదు, నన్ను చూస్తూ అంది.

మర్నాడు ఆవిడే నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్లింది. గేటు పక్క గదిలో ఆ ఆఫీసరు ముందు నిలబడి, నేను అబద్ధం చెప్పానని చెప్పాను. మొదటిసారి ఆయనకు వినపడలేదు, రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

"అప్పు పెద్ద తప్పు కాదమ్మా. ఆయన దాచలేదు, సక్రమంగా కడుతున్నాడు. అది చాలు మాకు" అన్నాడు ఆయన. "కానీ ఇంట్లోవాళ్లు ఇలా చెబితే ఆయనే చెప్పించాడనుకుంటాం. భార్యకు తెలుస్తుందని భయపడే మనిషిని, ఆ భయం చూపించి ఎవడైనా లొంగదీస్తాడు కదా?"

పిన్ని తలొంచుకుంది. ఆవిడ తలొంచుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

నా మాటలు రాసుకున్నారు, సంతకం పెట్టించుకున్నారు. తిరిగి విచారించేదాకా, అంటే ఏడాది పాటు, బాబాయిని బయట తపాలా కౌంటర్లో వేశారు. ఉత్తరాలు తీసుకుని ముద్ర కొట్టడమే పని. ఎదురుగానే నక్షాల గది తలుపు. తలుపు తీసే కుర్రాడికి ఏ తాళం ఎటు తిప్పాలో ఈయనే కూర్చున్నచోటి నుంచి చెబుతాడట.

ఇప్పుడు వాయిదా డబ్బు బల్ల మీద అందరి ఎదుటా ఉంటుంది. పిన్నే వెళ్లి కట్టొస్తుంది. బాబాయి నన్ను ఒక్క మాటా అనలేదు. సాయంత్రం ఇంటికొచ్చి, ఎవరూ అడక్కుండానే, క్యాంటీన్‌లో ఈ రోజు కూరలో ఉప్పెక్కువైందనీ, ఎవరికెన్ని ఉత్తరాలొచ్చాయో అనీ చెబుతూ కూర్చుంటాడు. దాచాల్సిందేమీ లేదిప్పుడు ఆయన దగ్గర. ఆయన చెబుతున్నంతసేపూ నేను కంచం వంకే చూస్తూ తింటాను.