చెల్లెలి చేతి గాజులు

నిన్న మనవరాలు ఫోను చేసి, ఐదో నెల స్కానులో బిడ్డ బాగుందన్నారవ్వా అని చెప్పగానే, సంతోషపడవలసిన నేను ఫోను పక్కన పెట్టి కళ్లు తుడుచుకున్నాను. రెండేళ్ల కిందట దాని గర్భసంచిలో గడ్డ ఉంటే, పొట్ట కోయకుండా చిన్న చిన్న రంధ్రాలు పెట్టి గడ్డ మటుకే తీశారు. లోపల కుట్టు మానేదాకా బిడ్డ కోసం ఆగమన్నారు, ఆగింది. కాన్పుకు ఆపరేషను కావలసి రావచ్చునట, అయితే కానీ. అలాంటి గడ్డే పంతొమ్మిది వందల ఎనభైలలో మా చెల్లెలికీ వచ్చింది.

మారండహళ్ళిలో కిరాణా కొట్టు వాళ్ల ఇంటికి పెద్ద కోడలిగా పోయిన పిల్ల. నెలనెలా ఆగకుండా రక్తం పోతుంటే, వేడి చేసిందని మెంతులు నానబెట్టి మజ్జిగలో ఇస్తూ కాలం గడిపాము. మా ఆడవాళ్లకు తెలిసిన వైద్యం అంతే. చివరికి కొట్టు ముందరే పడిపోతే సేలం పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ప్రాణం దక్కాలంటే వేరే దారి లేదని గడ్డతోపాటు గర్భసంచీ తీసేశారు. దాని మొగుడు మంచివాడు. తల్లికి తెలిస్తే తనకు రెండో పెళ్లి చేస్తుందని, గడ్డ మాత్రమే తీశారని ఇంట్లో చెప్పాడు. నిజం మా ముగ్గురి మధ్యనే ఉండిపోయింది.

మరుసటి ఏడు ఆ ఇంట్లో చిన్న కోడలికి గాజులు తొడిగే వేడుక. నేనూ పోయాను. కడుపుతో ఉన్నామెకు తొడిగాక, పిల్లలు లేని కోడలిని అదే పీట మీద కూర్చోబెట్టి తొడిగితే కడుపు పండుతుందని మాలో ఒక ఆచారం.

"గడ్డ పోయె గదా, ఇంకేం సిగ్గే నీకు? రా, కూర్చో," అని అత్తగారు చెయ్యి పట్టి లాగింది.

"మొగుణ్ణి గూడా కూర్చోబెట్టత్తా, కవలలే పుడతారు," అని ఎవరో అంటే అందరూ నవ్వారు. చెల్లెలూ నవ్వి, చేతులు చాచింది.

తరువాత పెరట్లో నా భుజం మీద తల పెట్టింది. "అక్కా, నీ పిసినారితనం ఊరంతా ఎరుగుదురు. ఇంకొకరికి గాజులు దండగని నువ్వన్నా అనుంటే, ఎవురికీ అనుమానం రాకుండా తప్పిపోవును గదే."



ఆ గాజులు వాటంతట అవి పగలాలే గాని తీయకూడదు. అంట్లు తోమేటప్పుడు మోచేతి వరకు ఎగదోసుకుని, ఒక్కటీ చిట్లకుండా కాపాడుకునేది. అంతా తెలిసిన మనిషి ఎందుకట్లా కాపాడుకుందో నేను అడగలేదు, అదీ చెప్పలేదు.

ఈనాటి డాక్టరమ్మలు కత్తి పట్టకముందే, నీకు బిడ్డ కావాలా అని ఆడపిల్లనే అడుగుతున్నారు. ఆ ఆడపిల్లలూ అందరి ముందు తల ఎత్తి జవాబు చెబుతున్నారు. మా చెల్లెలు పోయి చాలా ఏళ్లయింది. ఆ ఒక్క మాట దాన్ని అడిగినవాళ్లు ఎవరూ లేరు.