మా ఆయన గేమ్, నా కంప్యూటర్

పెండ్లయిన కొత్తల నల్లగొండల ఒక్క అర్ర కిరాయికి తీసుకొని ఉండేటోళ్లం. ఉన్నది ఒక్కటే టేబుల్. దాని మీద నా కంప్యూటర్ పెడితే మా ఆయన గేమ్ కన్సోల్‌కు జాగా ఉండకపోయేది. రోజూ దాన్ని మంచం మీదికి, మళ్ల టేబుల్ మీదికి మార్చుడే.

"దీన్ని నా సీపీయూ డబ్బాలనే బిగిస్త," అన్న. కంప్యూటర్లు విప్పి బిగించుడంటే నాకు చిన్నప్పటి సంది ఇష్టం.

ఒక ఆదివారం కన్సోల్ మూత తీసిన. ఆయన పక్కన కూసొని, "జర పైలం," అనుకుంట, నేను తీసిన స్క్రూలన్నీ అరచేతిల పట్టుకున్నడు. సీపీయూ డబ్బా అడుగున ఖాళీ జాగాల కన్సోల్ బోర్డు బిగించిన. ఆట షురూ అయిన కొంచెంసేపటికే వేడెక్కి బందయింది. ఆయన మొహం చిన్నబోయింది గానీ స్క్రూల కోసం మళ్ల అరచెయ్యి చాపిండు.

మళ్ల వారం డబ్బా పక్కన రేకు కోసి ఇంకో ఫ్యాన్ పెట్టిన. ఈసారి ఆగకుండ నడిచింది. ఆయన సంబురంగ ఆడవోయి, మానిటర్ ఒక్కటే అని యాదికొచ్చి ఆగిండు.

"నీకు ఆఫీసు పనుంటే చేస్కో. నేను తర్వాత ఆడుత."

పని మస్తుండె. "ఏం లేదు, ఆడు," అని చెప్పి, చూసుకుంట పక్కన కూసున్న.