తోడేలు పక్కలో గొర్రెపిల్ల

ఆ పుస్తకం చూడగానే నాకు ఒళ్లు మండింది. కుందుర్పి వైపు ఒక పల్లెలో నేను అంగన్‌వాడీ టీచరుగా పనిచేస్తున్నాను. పిల్లలకు పుస్తకాలు పంచడానికి పట్నం నుంచి వచ్చిన ఒకావిడ దాన్ని రెండు చేతులా పట్టుకుని, ప్రసాదం ఇచ్చినట్టు నాకిచ్చింది.

"పిల్లల్ని పడుకోబెట్టేటప్పుడు రోజూ చదవండి. ఒక్క మాట కూడా మార్చకండి," అంది.

కథేమిటంటే, అడవిలో ఒక కొయ్య ఇల్లు. అందులో ఎలుగుబంటి, కుందేలు, తోడేలు, గొర్రెపిల్ల స్నేహంగా ఉంటాయి. పొద్దుగూకగానే నాలుగూ పళ్లు తోముకుని ఒకే దుప్పటి కప్పుకుంటాయి. తోడేలు గొర్రెపిల్లకు జోల పాడుతుంది. అంతే. ఇంటి చుట్టూ మోకాలెత్తు పచ్చగడ్డి. మా ఊరి పిల్లలు పుట్టాక అంత గడ్డి చూసి ఎరగరు. గొర్రెపిల్ల గిట్టకు చీలికైనా లేదు, గిన్నె బోర్లించినట్టు గుండ్రంగా ఉంది. నేను గొర్రెల కాపరి కూతుర్ని. మంద మీద తోడేలు పడిన మర్నాడు మా నాయన పచ్చి మంచినీళ్లు ముట్టకుండా కూర్చోవడం చూస్తూ పెరిగాను. ఈ బొమ్మలు వేసినవాళ్లు గొర్రెను పళ్లెంలో తప్ప ఎక్కడా చూసి ఉండరు అనుకున్నాను.

అయినా చదివాను. మధ్యాహ్నం అన్నాలయ్యి పిల్లలు చాపల మీద వాలాక, ముక్కుతో సాగదీస్తూ ఎగతాళిగా చదివాను. అందరూ నవ్వారు. ఒక్క పిల్ల నవ్వలేదు. నాలుగేళ్లది, గొర్రెలు కాసే ఇంటి పిల్ల. అంతకు ముందు వారమే వాళ్ల మందలోంచి తోడేలు రెండు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయింది. ఆ పిల్ల లేచి వచ్చి బొమ్మ మీద చెయ్యి పెట్టింది.

"టీచర్, ఇది నిజమేనా?"

"యాడి నిజం? ఉత్త అబద్ధం. తోడేలు గొర్రెపిల్లను తింటాదే గానీ జోల పాడతాదా?" అన్నాను. ఉన్నమాట చెప్పానని కాస్త గర్వపడ్డాను కూడా.

ఆ పిల్ల పోయి గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు వాళ్ల నాయన వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"టీచరమ్మా, ఆ బుక్కులో కథ అబద్ధమని చెప్పినావంట గదా?"

"అబద్ధమే గదన్నా. నీకు తెల్దా?"

"నాకు తెల్సు. నా బిడ్డకు తెల్దు." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఆ రెండు గొర్రెపిల్లలకూ నా బిడ్డే సీసాతో పాలు పట్టింది. యాడికి పోయినాయని ఏడుస్తాంటే, తోడేలు సాకుతాండాదిలే, దాని పిల్లలతో ఆడుకుంటాండాయిలే అని చెప్పినా. ఇప్పుడు కూడు తినడంల్యా. నువ్వు కూడా అబద్ధం చెప్పినావా నాయనా అని అడుగుతాంది."

ఎగతాళి చేసిన నా గొంతు మీద నాకే రోత పుట్టింది.

"ఇప్పుడు నేనేం చెప్పల్లన్నా?"

"నిజమని చెప్పు. పెద్దయినాక అదే తెలుసుకుంటాది."

మర్నాడు కూతుర్ని తెచ్చి దింపాడు. మళ్లీ చదివాను. ఆ జోలపాట పంచదార పాకంలా నోటికి అంటుకుంటూనే ఉంది. అయినా ఈసారి మెల్లగా, మామూలు గొంతుతో చదివాను. ఆ పిల్ల చివరి బొమ్మను చాలాసేపు చూసింది.

"ఒకటే ఉండాది. ఇంగొకటి యాడ?"

"దుప్పటి లోపల ఉండాది."

"కనపల్లేదే."

హాజరు పుస్తకం దగ్గరున్న నల్ల స్కెచ్ పెన్ను తీసి, తోడేలు పొట్ట పక్కన దుప్పటిలోంచి బయటికొచ్చినట్టు రెండు చెవులు గీశాను. వాలుగా, పొడుగ్గా, మా గొర్రెల చెవులు. "ఆ, ఉండాది," అని ఆ పిల్ల పోయి పడుకుంది. కాసేపటికే నిద్రపోయింది.

నెల తిరిగాక పట్నం ఆవిడ వచ్చింది. పేజీలు తిప్పుతూ ఆ చెవుల దగ్గర ఆగిపోయింది.

"ఇంత అందమైన బొమ్మను పాడుచేశారేమిటండీ? వేసినవారు చూస్తే ఎంత బాధపడతారు!"

"గొర్రె చెవులు ఎట్లుంటాయో తెలుసుకుంటారు లెండి," అన్నాను.

ఆవిడ పుస్తకం వెనక్కి ఇచ్చేయమంది. పిల్లలు పడుకునే వేళయింది, తర్వాత చూద్దామని చెప్పి పంపేశాను.