ఎండుచేపల కాపలా

ఒక పిల్ల తల్లి బడిలోకి వచ్చి, గంపలోని ఎండుచేపల్ని మా నాన్న మేజా మీద గుమ్మరించింది. సగం కొరికినవి, తోకలు మాత్రమే మిగిలినవి, ఇసుక అంటుకున్నవి.

“తిను అయివారా. నీ కుక్కలు మిగిల్చినాయి.”

“పిల్లల ముందర వద్దమ్మా,” అన్నాడు నాన్న.

“పిల్లల ముందరే. వాళ్లకు నేర్పించింది నువ్వే గదా!”

వాకిట్లో మూగిన ఆడవాళ్లలో ఒకామె కేకేసింది: “కుక్కక్కూడా పలక కొనిచ్చినాడేమో అడగక్కా!” అందరూ నవ్వారు. చేపలు తెచ్చినామె మాత్రం నవ్వలేదు. నేల మీద కూర్చున్న కూతుర్ని రెక్క పట్టి లేపింది. “ఇంక దీనికి చదువొద్దు.” ఆ పాలెంలో మూడో తరగతి దాకా వచ్చిన ఆడపిల్ల అదొక్కతే.

అరవైల మొదట్లో సంగతి. విడవలూరుకు తూర్పున, సముద్రం ఒడ్డు పాలెంలో మా నాన్న ఒంటి పంతులు. మాది కొడవలూరు వైపు, వరి పండించే ఇల్లు. మా ఊళ్లో కుక్క కళ్లంలో పడుకుంటే ధాన్యానికి భద్రం. పాలెంలో కుక్కంటే దొంగ. ఇసుక మీద ఎండబెట్టిన చేపలకు పిల్లలే కాపలా. పడవల దగ్గరికి పోయే తల్లులు పిల్లల పక్కన పెంకుముక్కలు కుప్ప పోసి మరీ వెళ్లేవారు. కుక్కను కొట్టడం అక్కడ అల్లరి కాదు, పని. నాన్నకది క్రూరత్వంగా కనిపించింది.

ఎవరో కాలు విరగ్గొట్టిన ఆడకుక్కను ఆయన బడికి ఎత్తుకొచ్చి, వెదురు బద్దలతో కట్టు కట్టాడు. పిల్లలచేత పుండుకు పసుపు పూయించాడు. ఇంటి నుంచి తలా ఒక ముద్ద తెమ్మన్నాడు. “దీనికి నొప్పి ఎక్కడుందో చూసి చెప్పండి” అనేవాడు. అందరికన్నా ముందు చెప్పేది ఈ మూడో తరగతి పిల్లే. కొన్ని వారాలకు పిల్లలు పెంకులు విసరడం మానేశారు. నాన్న పొంగిపోయాడు. పిల్లల్ని చూసి కుక్కలు పారిపోవడం కూడా మానేశాయి. అది మాత్రం ఆయనకు తట్టలేదు.

చేపలు గుమ్మరించిన మర్నాడు, పిల్లను బడికి పంపమని అడగడానికి నాన్నా నేనూ వాళ్లింటికి వెళ్లాం. ఆమె వల బాగుచేసుకుంటూ తలెత్తలేదు. “ముందు కుక్కను పంపించు. ఆనక చూద్దాం.”

నాన్న కుక్కను మా పెదనాన్న ఇంట్లో వదిలి వచ్చి మళ్లీ అడిగాడు.

“ఒకటి పోతే సరిపోయిందా? ఊళ్లో కుక్కలన్నిటికీ బెదురు పోయె. వాటిని గూడా తోలుకపోతావా?”

“పిల్ల ఏం చేసిందమ్మా?”

“పెంకు ఇసరలా. అదీ అది చేసింది. నీ జాలి నా కడుపు నింపుతుందా? పో అయ్యా.”

ఆ నెలంతా బావి దగ్గర మా అమ్మతో ఎవరూ మాట్లాడలేదు. మేం దారిన పోతుంటే వెనక నుంచి కుక్కల్లా మొరిగేవాళ్లు. ఆ పాలెం మీద నాకు కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఆ గొడవతో బడి మానేసిన మగపిల్లలు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. ఆ పిల్ల చేపల దగ్గరే కూర్చునేది. కుక్క వస్తే పెంకు విసిరేది. తగలాలని విసిరేదో, తగలకూడదని విసిరేదో దూరం నుంచి తెలిసేది కాదు. మా నాన్నకు బదిలీ అయ్యేనాటికీ ఆ పిల్ల బడికి రాలేదు.